రాపా నుయి పలకల మీద ఉన్నది నక్షత్ర పంచాంగమేనా?

అరుగుమీద

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి మా బావమరిది ఒక వీడియో పంపించాడు. పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న ఈస్టర్ దీవిలో (అక్కడివాళ్లు రాపా నుయి అంటారు) చెక్క పలకల మీద చెక్కిన చిన్న చిన్న బొమ్మల లిపి ఒకటి ఉంది కదా, రోంగోరోంగో అని. అది నక్షత్రాల క్యాలెండర్ అని ఆ వీడియో వాదన. పక్షి కనబడితే శ్రవణం, చేప కనబడితే రేవతి. చివరికి ఒక పలక మీద 28 రాత్రులు లెక్కపెట్టి, ఇవి అభిజిత్తుతో కలిపి మన నక్షత్రాలేనని తేల్చేశాడు.

నేను జ్యోతిషం చదివినవాణ్ణి కాను, లిపుల సంగతి అంతకన్నా తెలియదు. కానీ ఆ 28 దగ్గర మాత్రం ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త చెబుతారా?

శిలాక్షరి

మీరు చెప్పిన వీడియో చూడలేదు కానీ ఆ కోవకు చెందినవి చాలానే చూశాను. అందులో ఒక్క ముక్క నిజం ఉంటుంది, మిగతాదంతా దాని చుట్టూ అల్లిక.

నిజమైన ముక్క ఇది: ఆ పలకల్లో ఒకదాని మీద క్యాలెండర్ ఉంది. ఆ పలక పేరు మమరి. 29 సెంటీమీటర్ల పొడవు, 20కి కాస్త తక్కువ వెడల్పు. రెండు వైపులా 14 వరుసల చొప్పున దాదాపు వెయ్యి గుర్తులు. ఇప్పుడు రోమ్‌లో ఒక క్రైస్తవ మత సంఘం దగ్గర ఉంది. జర్మన్ పండితుడు థామస్ బార్తెల్ ఈ లిపిలోని గుర్తులన్నిటికీ నంబర్లు వేసి 1958లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. మమరి మీద ఒకవైపు ఆరో వరుస నుంచి తొమ్మిదో వరుస దాకా నెలవంకలు బారులు తీరి ఉండటం గమనించి, అది చంద్రుడి రాత్రుల పట్టిక అని చెప్పింది ఆయనే. 1990లో జాక్ గీ అనే భాషా శాస్త్రవేత్త ఆ భాగాన్ని ఒక్కొక్క గుర్తూ పట్టుకుని పరిశీలించాడు.

మిగిలినదంతా ఇప్పటికీ ఎవరికీ కొరుకుడు పడలేదు. లోకం మొత్తం మీద ఇలాంటివి ఇరవై ఆరో ఏడో మిగిలాయి. ఒక్కటి కూడా ఆ దీవిలో లేదు.

సింధుతీరం

పండితులు చదవలేకపోయినంత మాత్రాన వేరేవాళ్ల వాదన తప్పని ఎలా అంటారు? పైగా మీరే క్యాలెండర్ ఉందని ఒప్పుకున్నారు. 28 అనే సంఖ్య ఊరికే రాదు. ఇంకో సంగతి. 1932లోనే హెవెషి అనే హంగేరియన్ ఈ గుర్తులను మొహెంజొదారో ముద్రల మీది గుర్తులతో పక్కపక్కన పెట్టి చూపించాడు. అచ్చుగుద్దినట్లు ఉంటాయి. గ్లోబు తీసుకుని చూడండి: మొహెంజొదారో నుంచి భూమికి నిలువునా సూది గుచ్చితే అది రాపా నుయి పక్కనే బయటకు వస్తుంది. ఇదంతా కాకతాళీయమేనా?

చుక్కలలెక్క

సూది సంగతి నిజమే. మొహెంజొదారో ఉత్తరాన 27 డిగ్రీల పైచిలుకు అక్షాంశం మీద ఉంది, రాపా నుయి దక్షిణాన 27 మీద. రేఖాంశాల్లోనూ రెండున్నర డిగ్రీలకు మించి తేడా రాదు. గ్లోబు తిప్పి చూసినప్పుడు నాకూ ఒళ్లు ఝల్లుమంది. కానీ ఒకరికొకరు భూగోళానికి అటూ ఇటూ ఉన్నారంటే, అంతకన్నా దూరం భూమి మీద సాధ్యం కాదన్నమాట! దూరాన్ని బంధుత్వానికి సాక్ష్యంగా పెట్టడం ఇప్పుడే చూస్తున్నాను. కాలంలోనూ అంతే. సింధు ముద్రల కాలం ముగిసిన ఎన్ని వందల ఏళ్లకో గానీ మనుషులు రాపా నుయి చేరలేదు.

ఇక 28. ఇక్కడే నాకు మాట్లాడాలని ఉంది, ఎందుకంటే దీన్ని తేల్చడానికి ఆ లిపి చదవనవసరం లేదు, మన పంచాంగం చదవడం వస్తే చాలు.

చంద్రుడికి రెండు లెక్కలు ఉన్నాయి. ఒక నక్షత్రం దగ్గర బయలుదేరి మళ్లీ అదే నక్షత్రం దగ్గరకు రావడానికి 27 రోజుల ఏడెనిమిది గంటలు. మన 27 నక్షత్రాలు ఆ లెక్కవి. ఒక పున్నమి నుంచి ఇంకో పున్నమికి 29 రోజుల పన్నెండుమ్ముప్పావు గంటలు. మన 30 తిథులు ఈ లెక్కవి. రెండూ ఒకటి కావు కాబట్టే పున్నమి ప్రతి నెలా వేరే నక్షత్రంలో పడుతుంది. చైత్రంలో చిత్త దగ్గర, వైశాఖంలో విశాఖ దగ్గర, కార్తీకంలో కృత్తిక దగ్గర. మన నెలలకు ఆ పేర్లు వచ్చిందే అందుకు.

ఇప్పుడు ఒక పట్టికలో పున్నమి గుర్తు సరిగ్గా నడిమధ్య ఉండి, దానికి ముందు పెరిగే చంద్రుడు, తర్వాత తరిగే చంద్రుడు ఉన్నాయనుకోండి. అది నక్షత్రాల పట్టిక అయ్యే వీలే లేదు. నక్షత్రాల పట్టికలో పున్నమికి స్థిరమైన చోటు ఉండదు. మమరిలో పున్నమి నడుమనే ఉంది. కాబట్టి ఆ రాత్రులు తిథులకు దగ్గర, నక్షత్రాలకు కాదు.

అరుగుమీద

అర్థమైంది. కానీ నెల 29న్నర రోజులైతే పట్టికలో 28 ఎందుకున్నాయి? తప్పు లెక్కా?

శిలాక్షరి

మంచి ప్రశ్న. 28 అసలు రాత్రులు, వాటికి తోడు అవసరాన్ని బట్టి చేర్చుకునే రెండు రాత్రులు ఉన్నాయి: హోతు, హిరో. ఒక్కటి చేరిస్తే 29, రెండూ చేరిస్తే 30. చంద్రుడు ఎలా నడిస్తే అలా సర్దుకునే ఏర్పాటు. మనకు తిథి క్షయం, తిథి వృద్ధి ఉన్నట్టే వాళ్లదీ ఒక సర్దుబాటు, పద్ధతి వేరు.

ఈ పేర్లు ఎవరో ఊహించినవి కావు. 1886లో అమెరికా నౌక మోహికన్ మీద వచ్చిన విలియం థామ్సన్ దీవివాళ్లను అడిగి రాసుకున్నాడు, ఆ తర్వాత వచ్చిన పరిశోధకులూ రాసుకున్నారు. మొదటి రాత్రి అతా, తర్వాత అరి. ఆ తర్వాత ఆరు రాత్రులకు విడి పేర్లు లేవు, కొకోరె తాహి, కొకోరె రువా, కొకోరె తోరు... ఒకటి, రెండు, మూడు అని లెక్క అంతే. మన విదియ, తదియ, చవితి లాగా. తర్వాత మహారు, హువా, అతువా వగైరా దాటి పదిహేనో రాత్రి ఒమొతోహి. అది పున్నమి. పున్నమి దాటాక మళ్లీ కొకోరెలు అయిదు, ఆ తర్వాత తపుమె నుంచి చివరి రాత్రి తిరెయొ వరకు.

మమరి మీద చూస్తే విడి పేరు లేని ఈ రాత్రులు ఉన్నచోట వట్టి నెలవంకలు వరుసగా ఉంటాయి. పున్నమి చోట నెలవంక లేదు. గుండ్రటి చంద్రుడిలో కూర్చున్న ఒక ఆకారం ఉంది. ఆకాశంలో పొయ్యి రాజేస్తున్న ముసలమ్మ అని దీవివాళ్ల కథ. పొయ్యి అంటే మన పొయ్యి కాదు, గోతిలో కాలిన రాళ్లు పేర్చి వండే ఉము.

నాకు అన్నిటికన్నా నచ్చేది చేప. పట్టికలో నడుమ నడుమ ఒకే రకం గుర్తుల గుంపు ఎనిమిది సార్లు వస్తుంది, ప్రతిసారీ తాడుకు కట్టిన చేపతో ముగుస్తుంది. పున్నమికి ముందు వచ్చే నాలుగు గుంపుల్లో చేప తల పైకి. తర్వాత వచ్చే నాలుగింటిలో కిందికి. శుక్లపక్షం, బహుళపక్షం! చేర్చాల్సిన రాత్రులను ఎప్పుడు చేర్చాలో చంద్రుణ్ణి చూసి నిర్ణయించుకోవడానికి ఈ గుంపులు సూచనలై ఉండవచ్చని జాక్ గీ అభిప్రాయం.

గంగరావినీడ

ఒక అనుమానం. ఈ పలకల మీద వరుస విడిచి వరుస తలకిందులుగా ఉంటుందని చదివాను. మరి చేప తలకిందులైంది దానివల్లేనేమో?

శిలాక్షరి

కాదు. చేప తల ఎటు ఉందో ఆ వరుసలోని మిగతా గుర్తులతో పోల్చి చూస్తారు. మనుషులు, పక్షులు నిటారుగా ఉన్న దిశలో పలకను తిప్పి పట్టుకున్నాకే చేపను చూడాలి. కానీ అడగాల్సిన ప్రశ్నే అడిగారు. తిప్పకుండా ఫోటో చూసి బొమ్మలు పోల్చేవాళ్లు పక్షిని చూసి కూడా ఇంకేదో అనుకుంటారు.

గంగరావినీడ

ఆ తిప్పడం సంగతి నేను చేసి చూశాను, అందుకే అడిగాను. మా అమ్మాయి బడి ప్రాజెక్టు కోసం అట్టపెట్టె మూతను పలక సైజుకు కత్తిరించి, ఎడమవైపు కింది మూల నుంచి మొదలుపెట్టి కుడికి బొమ్మలు గీశాం. వరుస అయిపోగానే అట్టను తలకిందులు చేసి దాని పై వరుస. అయిదో వరుసకు చేతికి అలవాటైపోయింది. చదివేటప్పుడు కన్ను ఎక్కడా వెనక్కి పరిగెత్తనక్కరలేదు, వరుస ముగిసిన చోటనే తర్వాతిది మొదలవుతుంది. గదిలో నడుస్తూ పాడుకోవడానికి భలే వీలు. "నాన్నా, వీళ్ల నోటుపుస్తకం గుండ్రంగా తిరుగుతుంది" అంది పిల్ల.

నా పేరు చూసి కొందరు నవ్వుతారు గానీ, ఈ చర్చలోకి వచ్చిందే ఆ చెట్టు కోసం. మమరి చేసింది ఏ చెక్కతో అనుకున్నారు? కాథరిన్ ఒర్లియాక్ అనే ఫ్రెంచ్ పరిశోధకురాలు పరీక్షించి చెప్పింది, మన గంగరావి. పొద్దున పసుపుగా పూసి సాయంత్రానికి ఎరుపు తిరిగే ఆ పూల చెట్టే. అక్కడ మకోయి అంటారు. మా ఇంటి ముందు ఉన్న చెట్టు కొమ్మ విరిగితే ఒక ముక్క చెక్కి చూశాను, చాకుకు బాగా లొంగుతుంది. వాళ్లు షార్కు పంటితో, అబ్సిడియన్ రాతి పెచ్చుతో గీసేవారట.

సింధుతీరం

గంగరావి మన దేశపు చెట్టే కదా! చూశారా?

గంగరావినీడ

అయ్యా, అది సముద్రం అంచున పెరిగే చెట్టు. కాయలు ఉప్పునీటిలో తేలుతూ పోయి ఎక్కడ ఒడ్డు దొరికితే అక్కడ మొలుస్తాయి. పసిఫిక్ దీవులన్నిటా ఉంది. దానికి పాస్‌పోర్టు అక్కరలేదు.

సింధుతీరం

సరే, చెట్టు వదిలేస్తాను. నా అసలు ప్రశ్న వేరు. ఇదంతా ఫ్రెంచివాళ్లు, జర్మన్లు బయట నుంచి చెప్పినది. దీవివాళ్లు ఏమన్నారు? చదవడం వచ్చిన మనిషి ఒక్కడైనా లేడా? ఆయన నక్షత్రాలని చెప్పి ఉంటే?

శిలాక్షరి

ఇది గట్టి ప్రశ్న. జవాబు బాధగా ఉంటుంది.

1862 డిసెంబరులో పెరూ నుంచి బానిసల వేట నౌకలు వచ్చాయి. కొద్ది నెలల్లోనే సుమారు 1,500 మందిని పట్టుకుపోయాయి. వాళ్లలో రాజవంశం వాళ్లూ, పలకలు చదవడం నేర్చినవాళ్లూ ఉన్నారు. తిరిగి వచ్చిన కొద్దిమందితో పాటు మశూచి వచ్చింది. 1877 నాటికి దీవిలో మిగిలినవారు 111 మంది. 1864లో యూజీన్ ఎరో అనే మత ప్రచారకుడు ప్రతి ఇంట్లో గుర్తులు చెక్కిన పలకలు ఉన్నాయని రాశాడు. నాలుగేళ్లు తిరిగేసరికి వెతికినా కొన్నే దొరికాయి.

తాహితీ బిషప్ జోసెన్‌కు అప్పుడు మెతోరో అనే రాపా నుయి మనిషి దొరికాడు. పలక చేతిలో పెడితే తిప్పుతూ పాడేవాడు. బిషప్ అంతా రాసుకున్నాడు. ఆ పాట చూస్తే ఎదురుగా ఉన్న బొమ్మను వర్ణించడమే: పక్షి, చెయ్యి ఎత్తిన మనిషి, చేప. మమరి కూడా మెతోరో చేతికి వచ్చింది. మనం ఇంతసేపు మాట్లాడుకున్న ఆ చంద్రుడి వరుసలను ఆయన వెనక నుంచి ముందుకు చదివాడు. కళ్లెదుట ఉన్న పున్నమిని పోల్చుకోలేకపోయాడు. పాపం, ఆయన మోసం చేశాడని నేననను. పెద్దవాళ్లు పాడుతుంటే విన్న పిల్లవాడు గుర్తున్నంత మేరకు పాడి ఉంటాడు. మంత్రం నోటికి వచ్చి అర్థం తెలియనివాళ్లు మనలో లేరా?

1886లో థామ్సన్ కూడా ఉరె వయె ఇకో అనే వృద్ధుణ్ణి పట్టుకున్నాడు. మొదట ఆయన చదవనన్నాడు. చివరికి మందు పోసి, జోసెన్ పలకల ఫోటోలు చూపిస్తే చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఫోటో మార్చేసినా అదే ధాటిగా సాగించాడు. పాట పాతదే, విలువైనదే. ఆ పలకదని మాత్రం చెప్పలేం.

సింధుతీరం

ఇది నాకు తెలియదు. చెప్పినందుకు కృతజ్ఞతలు. హెవెషి బొమ్మల పట్టిక మీద నా అభిప్రాయం మాత్రం ఇంకా పూర్తిగా మారలేదు.

ఆక్లాండ్‌లోఆంధ్రుడు

ఆలస్యంగా వచ్చాను, ఇక్కడ ఇప్పుడే తెల్లవారింది. బొమ్మల పోలిక ఎంత జారుడో గానీ మాటల పోలిక మాత్రం గట్టిదండి. రాపా నుయి రాత్రుల పేర్లు హవాయిలోనూ, ఇక్కడ న్యూజిలాండ్ మావోరీల్లోనూ ఉన్నాయి. అతువా హవాయిలో అకువా. హోతు అక్కడ హోకు. హిరో అక్కడ హిలో. రోంగో అక్కడ లోనో. మౌరి అక్కడ మౌలి. త ఉన్నచోటల్లా క, ర ఉన్నచోటల్లా ల. మన పాలు కన్నడంలో హాలు, మన చెవి అక్కడ కివి అయినట్టే. ఇలా పద్ధతిగా మారితేనే బంధుత్వం అంటారు. ఒక దీవిలో పక్షి, ఇంకో దేశంలో పక్షి కనబడితే అనరు. ఏ దేశంలోనైనా పక్షికి రెండే రెక్కలు.

కొకోరెకు ఇక్కడి చుట్టం కోరెకోరె. కోరె అంటే లేదు, శూన్యం. ఆ రాత్రుల్లో వల వేస్తే ఏమీ పడదని మావోరీల నమ్మకం. పేరు లేని రాత్రులకు సంఖ్యలు ఇవ్వడం ఎందుకో ఇప్పుడు తెలిసింది.

నక్షత్రాల విషయానికి వస్తే, ఇక్కడ కృత్తికలను మతారికి అంటారు. నడి శీతకాలంలో, అంటే జూన్ చివరిలో తెల్లవారుజామున తూర్పున మళ్లీ కనబడటంతో మావోరీ కొత్త సంవత్సరం. 2022 నుంచి దేశమంతటా సెలవు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆ చలిలో లేపి చూపిస్తే "ఇది మన పిల్లలకోడే కదరా, దీనికోసం నా నిద్ర పాడుచేశావా" అంది.

చెన్నపట్నంవాసి

పొయ్యి రాజేసే ముసలమ్మ అనగానే నవ్వొచ్చింది. ఇక్కడ తమిళులు పిల్లలకు చందమామలో ముసలమ్మ వడలు వేస్తోందని చెబుతారు. మనకేమో కుందేలు. పొయ్యి ఉన్నచోట వడ లేకుండా ఉంటుందా!

ఆక్లాండ్‌లోఆంధ్రుడు

వడల ముసలమ్మను ఇక్కడ వెతకకండి, కనబడదు. దక్షిణార్ధగోళంలో చంద్రుడు ఉత్తర దిక్కున ఉంటాడు. మచ్చలన్నీ తిరగబడి మన కుందేలు తలకిందులుగా వేలాడుతుంది. వచ్చిన కొత్తలో అరగంట వెతికాను. పెరిగే చంద్రుడికి వెలుగు కూడా ఇక్కడ ఎడమవైపు. కాబట్టి ఆ పలక మీద నెలవంక ఎటు తిరిగిందో చూసి పెరిగేదా తరిగేదా అని తేల్చబోయేవాళ్లు ముందు అక్కడి ఆకాశం గుర్తు పెట్టుకోవాలి. వీడియో చేసినాయన గుర్తు పెట్టుకున్నాడా?

అరుగుమీద

లేదు. ఆయన చూపించిన ఆకాశం మన ఆకాశమే, ధ్రువ నక్షత్రంతో సహా.

చుక్కలలెక్క

27 డిగ్రీల దక్షిణాన ధ్రువ నక్షత్రమా! అది అక్కడ ఎప్పుడూ ఉదయించదు.

అయితే ఒక మాట. వీడియో తప్పయినంత మాత్రాన రాపా నుయివాళ్లకు నక్షత్రాలు పట్టవని అనుకోవద్దు. కృత్తికలను వాళ్లూ మతారికి అనే అంటారు, ఓరియన్ అనే నక్షత్రమండలం నడుము మీది మూడు చుక్కలు తౌతోరు. 1914లో దీవికి వచ్చిన పరిశోధకురాలు కాథరిన్ రౌట్లెజ్‌కు దీవిలో పోయికే అనే చోటు వైపు చుక్కలు చూసే రాయి అని, చుక్కలు చూసే గుహ అని చోట్లు చూపించారు. పూజారులు అక్కడ కనిపెట్టుకుని ఉండేవారని చెప్పారు. అంటే ఆకాశం చదివేవాళ్లు ఉన్నారు. పలకల్లో ఎక్కడైనా ఆ చుక్కలూ ఉండవచ్చు. ఉన్నాయని చూపించాలంటే మాత్రం మమరి చంద్రుడికి దొరికిన లాంటి ఆధారం కావాలి: వరుస తెలిసిన పేర్ల జాబితా ఒకవైపు, అదే వరుసలో అన్నే గుర్తులు ఇంకోవైపు. ఇప్పటిదాకా చుక్కలకు అలాంటి జంట దొరకలేదు.

శిలాక్షరి

ఇంకొకటి చేరుస్తాను. 2024లో రోమ్‌లోని నాలుగు పలకల చెక్కకు రేడియోకార్బన్ పరీక్ష ఫలితాలు వచ్చాయి. మూడు 19వ శతాబ్దంవి. ఒకటి మాత్రం 15వ శతాబ్దం చివర, 16వ శతాబ్దం మొదట్లో కొట్టిన చెట్టుది, అంటే 1722లో మొదటి యూరప్ నౌక రాకముందుది. చెట్టు కొట్టిన ఏడూ గుర్తులు చెక్కిన ఏడూ ఒకటే కానక్కరలేదు గానీ, రాత వాళ్ల సొంతదనే వాదనకు బలం వచ్చింది. సింధుతీరం గారూ, సింధు నుంచి తెచ్చారనడం కన్నా వాళ్లే కనిపెట్టారనడం నాకు ఎక్కువ ఆశ్చర్యంగా ఉంటుంది.

అరుగుమీద

మొత్తం చర్చ బావమరిదికి పంపాను. జవాబుగా ఇంకో వీడియో వచ్చింది. ఆ దీవిలోనే అహు అకివి అనే చోట ఏడు రాతి విగ్రహాలు ఉన్నాయట, ఏడు కృత్తికలట.

చుక్కలలెక్క

మన కృత్తికలు ఆరుగురు. కుమారస్వామిని అడగండి. అదే దీవిలో టోంగరికి అనే చోట విగ్రహాలు 15 ఉన్నాయి, వాటికి ఏ చుక్కలు చూపిస్తాడో అదీ అడగండి.

అరుగుమీద

అడుగుతాను. ఇంతలో ఇంట్లో ఇంకో సంగతి జరిగింది. ఆ రాత్రుల పేర్లన్నీ తెలుగులో రాసి గోడకు అంటించాను. మా అమ్మ చూసి, "మరి వీళ్లకు ఏకాదశి ఏదిరా?" అంది. వేలు పెట్టి లెక్కపెట్టాను. పదకొండోది అతువా. దాని అర్థం ఏమిటని చూస్తే దేవుడు అని ఉంది.

ఆక్లాండ్‌లోఆంధ్రుడు

అయ్యయ్యో! బావమరిదికి చెప్పకండి. హవాయిలో అకువా పద్నాలుగో రాత్రి.

అరుగుమీద

ఆలస్యమైంది. అమ్మ అప్పుడే ఫోన్ చేసి చెప్పేసింది.